బాలింత కారం

పుంగనూరు బస్టాండులోకి బస్సు తిరిగీ తిరగకముందే జనం దాని వెంట పరుగెత్తారు. ఆడవాళ్ళకు టికెట్టు ఎత్తేసినప్పటినుంచి ఈ దారిలో బస్సులకు ఊపిరాడటం లేదు. పుట్టింటి గడప చూసి ఏళ్ళయిన ఆడవాళ్ళు కూడా ఆధార్ కార్డు ఒకటి చేతపట్టుకుని బయల్దేరుతున్నారు. మంచిదే. కాలు కదపని మనిషికి సొంత ఊరు కూడా సగమే తెలుస్తుంది. కండక్టరు మాత్రం మదనపల్లెలో ఎత్తుకున్న పాట ఇంకా దించలేదు.

"మొగోళ్లు దుడ్లిచ్చి నిలబడుకోని పోయేది, ఆడోళ్లు ఊరికే కూసోని పోయేది. ఏం కాలమప్పా ఇది."

ఆ మాట అతను కిటికీ పక్కన కూర్చున్న తేజతో అన్నాడు, సాటి మగవాడితో చెప్పుకున్నట్టు. తేజ తలూపాడు. జేబులో ఉన్న కార్డు తీసి చూపిస్తే తేజకూ టికెట్టు అక్కర్లేదు. దానిమీద ఇంకా రోజా అనే పేరే ఉంది, పొడుగు జడ వేసుకున్న ఫొటో ఉంది, స్త్రీ అని ఉంది. కానీ ఆ కార్డును బస్సులో అతను ఏనాడూ బయటికి తీయలేదు. మదనపల్లెలో ఎక్కగానే కుప్పానికి నిండు టికెట్టు కొన్నాడు. చలికాలం, తలకు మఫ్లరు, గడ్డం కిందిదాకా చుట్టుకున్నాడు. ఒళ్ళో ఆసుపత్రి ఫైలు.

ముందు ఒక వెదురుబుట్ట ఎక్కింది, దాని వెనక మనిషి ఎక్కింది. ఆ బుట్టను నడుముకు ఆనించి పట్టుకున్న తీరు చూసే తేజ గుర్తుపట్టాడు. అమ్మ.

ఐదేళ్ళయింది చూసి. ఈశ్వరమ్మ రామసముద్రం దగ్గరి పల్లెలో బడిపిల్లలకు మధ్యాహ్నం అన్నం వండుతుంది. నెల తిరిగితే జీతం, అంతకుముందు పాతికేళ్ళు కూలి. పొగకు కళ్ళు ఎప్పుడూ కొంచెం ఎర్రగా ఉంటాయి. ఇప్పుడు జుట్టు సగం నెరిసింది. బస్సంతా కలియజూసి, వేరే చోటు లేక, వచ్చి తేజ పక్కనే కూర్చుంది. బుట్ట కాళ్ళ మధ్య పెట్టుకుంది. కండక్టరుకు కార్డు చూపించి సున్నా టికెట్టు తీసుకుంది. తర్వాత పక్కవాడి వైపు సగం తిరిగి, బస్సులో ఎవరైనా ఎవరినైనా అడిగేదే అడిగింది.

"యాడికప్పా పోయేది?"

"కుప్పానికిమా."

ఆ గొంతు ఆమె ఎరిగింది కాదు. మందు మొదలుపెట్టిన మూడో నెలలో పగిలి, మరో ఆరు నెలలకు అడుక్కి దిగి కుదురుకున్న గొంతు అది. ఆమె "నేనూ ఆడికే" అని ముందుకు తిరిగింది.

ఒకప్పుడు పుంగనూరు అంటే పొట్టి ఆవులు. నడుముకు రాని ఎత్తు, కొద్దిపాటి మేత, ఇంటి వెనక కట్టేసుకునే ఆవు. పేదవాడి ఆవని ఈ సీమలో ఎవరూ లెక్కపెట్టలేదు, కరువుల్లో అమ్ముకున్నారు, దాదాపు లేకుండా చేసుకున్నారు. ఇప్పుడు పట్నాల ధనవంతులు వాటిని మేడల్లో పెంచి ఫొటోలు దిగుతున్నారు. ఒక ప్రాణి విలువ ఎప్పుడు ఎవరికి తెలుస్తుందో చెప్పలేం. ఊరు దాటేటప్పుడు గోడమీద ఆ ఆవు బొమ్మ చూస్తూ తేజ మఫ్లరు ఇంకొంచెం పైకి లాక్కున్నాడు. గుర్తుపడితే ఏం చేస్తుంది? లేచి పోతుందా? గుర్తుపట్టకపోతే?

ఆమె అతనితో మాట్లాడకూడదు. దేవుడి ముందు ఒట్టు పెట్టుకున్న మనిషి.

రోజా పుట్టిన పురిటిలోనే ఆ బిడ్డను మేనమామ మురళికి అనుకున్నారు. ఈ పక్క అది వింత కాదు, అక్క కూతురు తమ్ముడికే. మురళి చెడ్డవాడు కాదు. చిక్కంతా అక్కడే వచ్చింది. చెడ్డవాడైతే కాదనడానికి కారణం ఉండేది. జాతరకు పోతే గాజులు కొనిచ్చేవాడు, సైకిలు నేర్పించాడు. గాజులు అటకమీద పడేసి సైకిలు మాత్రం ఆ బిడ్డ వదల్లేదు. తాంబూలాలు మార్చుకోవాల్సిన వారంలో, నేను ఆడపిల్లను కానని చెప్పడానికి మాటలు దొరక్క, టమాట లోడుతో మదనపల్లె పోయే బండి ఎక్కి వెళ్ళిపోయాడు.

తప్పు తల్లిమీద పడింది. బిడ్డను ఆమే పంపించేసిందని సొంత పుట్టింటివాళ్ళే అన్నారు. కాణిపాకం తీసుకుపోయి, తలమీద నీళ్ళు పోయించి, వినాయకుడి ఎదుట నిలబెట్టారు. ఈ జిల్లాలో జడ్జి ముందు జంకకుండా అబద్ధమాడే మనిషి కూడా కాణిపాకంలో నోరు తెరవడానికి వెనకాడతాడు. నాకేమీ తెలియదు, ఇకమీదట నా కూతురితో మాటా మంతీ లేదు అని ఆమె ప్రమాణం చేసింది. చేసినా ఆ గడప ఆమెకు తెరుచుకోలేదు. మార్కెట్‌యార్డుకు కాయ తెచ్చిన ఊరివాళ్ళ నోట ఈ సంగతి తేజ విన్నాడు. ఆనాటినుంచి ఆమెకు ఫోను చేయడం మానేశాడు. చేస్తే ఆమె ఎత్తుతుందేమో, ఎత్తితే ఒట్టు చెడుతుందేమో.

యార్డులో మొదట గ్రేడింగు చేశాడు, తర్వాత బండి నేర్చుకున్నాడు. ఇప్పుడు మండీ యజమాని చెంగల్రాయుడి పికప్ అతని చేతిలోనే. సంగతి తెలిసిన రోజు చెంగల్రాయుడు చాలాసేపు గడ్డం గోక్కుని, కాయ నలక్కుండా తెస్తాండాడా లేదా అని మాత్రం అడిగాడట. ఆ మాట యార్డులో సామెత అయికూర్చుంది.

మగ హార్మోను ఇంజెక్షన్లు మొదలుపెట్టి మూడేళ్ళు దాటింది. బెంగళూరులో మానసిక వైద్యురాలు పలుమార్లు మాట్లాడి కాయితం రాసిచ్చాక, ఇంకో డాక్టరు రక్తపరీక్షలు చేయించి మొదలుపెట్టాడు. మూడు వారాలకోసారి. మొటిమలొచ్చాయి, ఆకలి పెరిగింది, నెలనెలా వచ్చేది ఆగిపోయింది. అది ఆగిన నెల తేజ బండి పక్కకు ఆపి ఒంటరిగా ఏడ్చాడు. కానీ గడ్డం ఆలస్యమైంది. అందరికన్నా వెనకబడ్డానని తొందరపడి, ఒక మందుల షాపులో తెలిసినవాడిని పట్టుకుని డాక్టరు చెప్పినదానికి ఇంకొకటి కలిపి పొడిపించుకున్నాడు. ఎరువు ఎక్కువేస్తే కాయ తొందరగా పండుతుందనుకునే కొత్త రైతు తెలివి. తలనొప్పి పట్టుకుంది, మొహం కందగడ్డయింది. రక్తం చిక్కబడిందని, ఇట్లాగే పోతే మెదడుకో గుండెకో గడ్డ అడ్డంపడుతుందని డాక్టరు కోప్పడి, కొన్నాళ్ళు మందు ఆపేశాడు. ఆ రోజుల్లో ప్రతి పొద్దునా తేజ గొంతు సవరించుకుని తన పేరు తాను పలికి చూసుకునేవాడు, పాత గొంతు వస్తుందేమోనని. రాలేదు. అప్పటినుంచి ఒంటి విషయంలో తొందర అంటే అతనికి భయం.

అయినా రేపటి సంగతిలో మళ్ళీ తొందరే పడ్డాడు. ఛాతీ ఆపరేషన్ గురించి అతనికి సందేహం లేదు. ఏళ్ళ తరబడి బిగించి కట్టిన గుడ్డ కింద పక్కటెముకలు నొచ్చిపోయాయి, చర్మం పుండ్లు పడింది, కాయ పెట్టెలు బండికెత్తేటప్పుడు ఊపిరి సగమే లోపలికి పోతుంది. కాయ తక్కువగా వచ్చే నెలలు చూసి, యజమానిని అడిగి రోజు ఖాయం చేసుకున్నాడు. కుప్పంలో ఆపరేషన్ చేసే డాక్టరమ్మ ఇంకో మాట అడిగింది. గర్భసంచి కూడా తీయించుకోవాలని ఉంటే రెండూ ఒక మత్తులోనే చేయవచ్చు, వద్దంటే తర్వాతైనా చేయవచ్చు, అసలు చేయించుకోకపోయినా పర్వాలేదు, ఆలోచించుకుని చేరే రోజు చెప్పు అంది. కోలారులో ఉండే స్నేహితుడు రెండూ ఒకేసారి చేయించుకుని హాయిగా ఉన్నాడు, తెగతెంపులు చేసుకో అన్నాడు. తేజ సరేననుకున్నాడు. కానీ రాత్రి బట్టలు సర్దుకునేటప్పుడు, ఏమేం తీస్తారో, తీస్తే ఏమవుతుందో తనకు తెలియదని తట్టింది. డాక్టరమ్మ చెప్పినప్పుడు సిగ్గుతో నేల చూస్తూ తలూపాడు, సగం చెవిన పడలేదు.

పలమనేరు ముందు బస్సు గుంతలో పడింది. ఈశ్వరమ్మ కాళ్ళ మధ్య బుట్ట ఒరిగింది. తేజ వంగి ఎడంచేత్తో దాన్ని పట్టి నిలబెట్టాడు. చూపుడువేలు మీద గోరు దగ్గరనుంచి కణుపుదాకా తెల్లని గీత. పట్టుపురుగులకు మల్బరీ ఆకు కోసేటప్పుడు కొడవలి దిగిన చోటు. ఆ రోజు పసుపు అద్ది చీరచెంగు చించి కట్టింది ఈశ్వరమ్మే.

ఆమె ఆ వేలు చూసింది. చూసి కళ్ళెత్తలేదు. బుట్టమీది గుడ్డ సర్దింది, విప్పింది, మళ్ళీ సర్దింది. బస్సు పలమనేరులో ఆగింది. సగంమంది దిగిపోయారు. ముందు ఆడవాళ్ళ సీట్లు ఖాళీ అయ్యాయి.

"ఏమ్మా, ముందర సీట్లు ఉండాయి, ఇట్లా వచ్చి కూసో" అన్నాడు కండక్టరు.

"ఈడ బాగుండాదిలేప్పా."

బస్సు కదిలాక, తేజ వైపు చూడకుండానే, "ఆ కిటికీ మూయప్పా, సలి గొడ్తాండాది" అంది. అతను మూశాడు.

పల్లెల్లో ఒక పద్ధతి ఉంది. ఎవరితోనైనా నేరుగా అనలేని మాటను పక్కనున్న గేదెతోనో గోడతోనో అంటారు. అత్తను అనలేని కోడలు పొయ్యిని తిడుతుంది. మాట చేరాల్సిన చోటికి చేరుతుంది, అన్నవాళ్ళ మీద నేరమూ ఉండదు. ఈశ్వరమ్మ ఒళ్ళో చేతులు పెట్టుకుని, దారిన పోయే కుర్రవాడితో కాలక్షేపానికి మాట్లాడినట్టు మొదలుపెట్టింది. తన తమ్ముడు మురళికి బిడ్డ పుట్టింది, మూడో నెల, ఈ పొద్దు కుప్పంలో, పుట్టింట్లో తొట్టెలో వేస్తారు. బిడ్డను తొట్టెలో పెట్టి చెవిలో పేరు చెప్పాల్సింది మేనత్త. ఆమె లేకుండా చేస్తే బిడ్డకు మంచిది కాదని మురళి పట్టుబట్టి పిలిపించాడు.

"అయిదేండ్లాయెనప్పా నేను పుట్టింటి గడప తొక్కి. ఎవురి వల్లనో నీకు తెల్దులే, పరాయోడివి."

ఆ దెబ్బ తగలాల్సిన చోటే తగిలింది. తేజ ఒళ్ళో ఫైలు సర్దుకున్నాడు. కాసేపటికి ఆమె ఫైలు వైపు గడ్డం ఎత్తి చూపింది.

"ఆస్పత్రికా?"

"ఊ. రేపు ఆపరేషన్ ఉండాది."

"ఏం ఆపరేషన్?"

ముందు సీటులో ఎవరో ఫోనులో పాటలు పెట్టారు. ఆ చప్పుడు చాటున అతను చెప్పాడు. "ఛాతీది. గర్భసంచి గూడా తీసేదానికి అడిగినారు. సరేననుకుంటాండా."

రోడ్డు పక్క రాళ్ళగుట్టలు వెనక్కి పోతున్నాయి. ఎందుకని అడుగుతుందేమోనని అతను జవాబులు వెతుక్కున్నాడు. ఆమె అది అడగలేదు.

తన సంగతి చెప్పింది. ఇరవై ఏడేళ్ళ వయసులో నడుంనొప్పని పోతే, సంచి పాడయింది, ఉంచుకుంటే క్యాన్సరవుతుందని ఒక డాక్టరు చెప్పాడట. ఆ వారంలోనే తమ వీధి ఆడవాళ్ళు అందరూ ఒకే వ్యానులో, తిరునాళ్ళకు పోయినట్టు, పులిహోర కట్టుకుని పోయారట. వేలిముద్ర మొగుడు గంగులప్ప వేశాడు. ఆమె వేలు ఎవరూ అడగలేదు. వారం తిరక్కుండా పొయ్యి ముందు కూర్చుంది. ఆ తర్వాత ఏడాదికే ఒంట్లో ఆవిర్లు, చెమటలు, నిద్ర లేకపోవడం. నలభై దాటకముందే నీళ్ళబిందె ఎత్తితే మణికట్టు విరిగింది. ఈ సంగతుల్లో ఒక్కటి కూడా తేజకు తెలియదు. అమ్మ మణికట్టు విరగడం తెలుసు, ఎందుకు విరిగిందో తెలియదు. ఆడపిల్లగా పెంచిన బిడ్డకు చెప్పని మాట ఇప్పుడు మగపిల్లవాడికి చెబుతోంది. పరాయివాడు కాబట్టి చెప్పగలుగుతోంది.

"ఏం తీసినారో నాకీ పొద్దుకీ తెల్దప్పా. సంచొకటే తీసినారో, పక్కనుండే అండాలు గూడా పీకేసినారో. అడిగితే కోప్పడతారని అడగలే. ఇప్పుడు ఎముకల డాక్టరు అడుగుతాడు, ఏం తీసినారమ్మా అని. ఏం సెప్పేది?"

"నన్ను తీయించుకోవద్దంటావా?"

"నేననలే. తీసినాక నెలనెలా ఆ బాధ తప్పింది, అదీ నిజమే. నీకు అక్కర్లేదంటే తీయించుకో. అడిగి తీయించుకో. ఏది తీస్తారు, ఏది ఉంచుతారు, తీస్తే ఎముకలకేం మందు, అన్నీ అడుగు. నోరుండాది కదా నీకు. ఆపొద్దు నాకు లేకపాయె."

వి.కోట వచ్చింది, పోయింది. బోర్డులమీద అరవం, కన్నడం కలగాపులగమయ్యాయి. తేజ ఫైలు తెరిచి మూశాడు. మందుల షాపులో పొడిపించుకున్న రోజు గుర్తొచ్చింది. అప్పుడూ ఎవరినీ ఏమీ అడగలేదు. కాకపోతే అమ్మకు తొందరపెట్టినవాళ్ళు ఇతరులు, తనను తొందరపెట్టింది తానే. అండాశయాలూ తీసేసి, రక్తం చిక్కబడి మళ్ళీ మందు ఆపాల్సివస్తే అప్పుడు ఎముకలను కాచేది ఏమిటి? ఆ ప్రశ్న డాక్టరమ్మను అడగాలని కూడా అతనికి ఇంతవరకు తోచలేదు.

"రేపటికి ఛాతీదొక్కటే సేయమంటా" అన్నాడు. "రెండోది అన్నీ తెలుసుకున్నాక. ఏడాదికో, రెండేండ్లకో. నాకు కావాలనిపిస్తే అప్పుడు."

"నీ ఇష్టమప్పా. నీ ఒళ్లు."

ఎంత మామూలుగా అంది. ఇన్నేళ్ళుగా ఎందరో డాక్టర్ల ముందు కూర్చుని, ఎన్నో కాయితాల మీద సంతకాలు పెట్టి అతను సంపాదించుకోవాలని చూసింది ఆ చిన్న మాటే.

అప్పటిదాకా ఆపుకున్న ప్రశ్న అడిగేశాడు. "నువ్వు నాతో మాట్లాడొచ్చునా మా? ఒట్టు ఉండాది కదా."

ఈశ్వరమ్మ మొదటిసారి అతని మొహం చూసింది. మఫ్లరు జారి గడ్డం కనపడుతోంది. పలచని గడ్డం, గంగులప్ప గడ్డంలాగే ఎడమ దవడ దగ్గర కొంచెం మొలవని చోటు. ఆమె కళ్ళు అక్కడ ఆగాయి.

"నా కూతురితో మాట్లాడనని కదప్పా దేవుని ముందర సెప్పింది. ఈడ నా కూతురు యాడుండాది?"

ఆ మాట అతన్ని కోసిందో, ఆ కోత మీదే పసుపు అద్దిందో తేజకు వెంటనే తెలియలేదు. ఆమె ఒక బిడ్డను పోగొట్టుకున్న మనిషిలాగే అంది. అనాక మాత్రం కొంగుతో మొహం తుడుచుకుని బుట్టలో చేయిపెట్టింది.

లోపల తమ్ముడి పెళ్ళానికి చేసిన బాలింత కారం ఉంది. వెల్లుల్లి, మిరియాలు, ధనియాలు, శొంఠి వేయించి దంచి నెయ్యి తగిలించిన పొడి. పుట్టింటివాళ్ళు చేసిందే తినాలంటారుగానీ, ఈశ్వరమ్మ చేతి కారం తింటే పచ్చిపుండు వారంలో మానుతుందని ఆ చుట్టుపక్కల పేరు. అరిటాకులో కట్టిన పొట్లం విప్పి, సగం ఒక కవరులోకి వొంపి, ముడేసి అతని ఒళ్ళో పెట్టింది.

"వేడన్నంలో మొదటి ముద్ద దీంతో తిను. కుట్లు మానేదాకా పులుపు తినబాక. గుమ్మడికాయ తినబాక, వంకాయ తినబాక. బరువులెత్తబాక. వండిపెట్టేదానికి ఎవురుండారు?"

"ధనుష్ అని, యార్డులో నాతో పనిచేసేవాడు. సాయంత్రం బస్సుకు వస్తాడు. వారం నాతోనే ఉంటాడు."

"అన్నం వండను వస్తుందా వానికి?"

"మెత్తగా చేసేస్తాడు."

"మెత్తగానే మంచిది" అంది. నవ్వు వచ్చినట్టే వచ్చి ఆగిపోయింది.

కుప్పం దగ్గరపడుతుంటే ఆమె ఇంకొక సంగతి చెప్పింది. తొట్టెలో వేసేముందు దీపం పెట్టి మురళి అత్తగారు అందరి ముందూ అడుగుతుంది, నీ కూతురు కనపడిందా, మాట్లాడినావా అని. కనపడలేదని అన్నాకే పసిబిడ్డను చేతికిస్తారు.

"ఏం సెప్తావు?"

"కనపడలేదని సెప్తా. పుంగనూరు నుంచి పక్కన ఒక అబ్బాయి కూసోనుండె. అంతే కదా."

బస్టాండులో బస్సు ఆగింది. కిటికీలోంచి తేజ చూశాడు. తలుపుకు ఎదురుగా మోటారుసైకిలు మీద కాలు ఆనించి మురళి నిలబడి ఉన్నాడు. బొజ్జ వచ్చింది, జుట్టు పలచబడింది. కొత్త చొక్కా, నుదుట కుంకుమ. బస్సు తలుపు వైపే, ఒక్కొక్కరినీ చూస్తున్నాడు.

ఈశ్వరమ్మ మెట్లు దిగింది. జనం తోపులాటలో బుట్ట అందుకోలేకపోయింది. తేజ దాన్ని తలమీదుగా ఎత్తి, దిగి, ఆమె పాదాల దగ్గర పెట్టాడు. మురళి అతని మొహంలోకి చూశాడు. సైకిలు నేర్పేటప్పుడు వెనక సీటు పట్టుకుని పరుగెత్తిన మనిషి. ఆ చూపు ఒక క్షణం నిలిచి, గడ్డం మీదుగా జారి, బుట్ట మీదికి పోయింది.

ఈ నేలమీద ఇంటిమనిషి ఎవరూ పోతానని అనరు. పోయొస్తా అంటారు. ఆ మాట తేజ నోటిదాకా వచ్చింది. ఆపరేషన్‌కు పోయేముందు రోజు కన్నతల్లితో అనకపోతే ఇంకెవరితో అనాలి? కానీ బస్సులో కలిసిన పరాయివాడు పోయొస్తా అనడు. అంటే ఈశ్వరమ్మ ఏదో ఒకటి బదులు చెప్పాలి, మురళి వింటాడు, దీపం ముందు ఆమె గొంతు తడబడుతుంది. పసిబిడ్డను ఆమె చేతికివ్వరు.

అతను బుట్ట వదిలి, చేయి దులుపుకుని, వెనక్కి తిరిగి నడిచాడు.

"ఎవురక్కా ఆ పిల్లోడు?" వెనక మురళి గొంతు.

"ఎవురో. తోడొచ్చినాడు." కొంచెం ఆగి, "మంచోడు" అంది.

తేజ ఆగలేదు. ఆటోవాళ్ళు ఆసుపత్రా అప్పా అని చుట్టుముడుతుంటే తప్పుకుని, చొక్కా లోపల, రేపటితో విప్పేయబోయే గుడ్డకట్టుకు ఆనించి కారం పొట్లం పట్టుకుని, రోడ్డు దాటి పోయాడు.